ముప్పై ఎనిమిది చెప్పమన్నది నేనే

రాయి పాపా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నడుమ ఆపి, "అవ్వా, ఈ మాట బాగుండదు" అన్నావంటే లేసి పోతా.

పదకొండేండ్ల నుంచి ఒక మాట మోస్తాండా. నీళ్ళ బిందె అయితే ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకుంటాం. దీన్ని మార్చుకునేదానికి యాడ స్థలం ల్యా. మీ తాతకు చెప్పలే, ఆయన పోయేదాకా. మీ అమ్మకు చెప్పలే. ఇప్పుడు ముక్కూ మొగమూ తెలియనోళ్ళకు చెప్తాండా, ఇది సదివేటోళ్ళకు. మీరు మా వీధికి వచ్చి నన్ను నిలదీయలేరు గదా, ఆ ధైర్యంతోనే చెప్తాందేమో అనుకుంటారు. అనుకోండి. అది కూడా నిజమే అయ్యుండచ్చు.

ఒక ఇల్లు అమ్ముడుపోకుండా చేసినా. నా ఇల్లు గాదు. పక్కింటి ఆయమ్మది.

ఆమె పేరు రూతమ్మ అని రాయి. అసలు పేరు వద్దు. ప్రొద్దుటూరులో మా ఇల్లూ ఆమె ఇల్లూ ఆనుకోని ఉండేవి, నడుమ ఒకటే గోడ. టీచరు పని చేసి రిటైరయింది. మొగుడు పోయినాడు. ఒక్కతే కూతురు, పులివెందులలో. నాకంటే నాలుగేండ్లు చిన్నది, నన్ను అక్కా అంటాది. ఇరవై ఆరేండ్లు పొద్దన కాఫీ ఆమె ఇంట్లో, మాపటేల ఆకూవక్కా నా ఇంట్లో. మాది గొర్రెలూ మేకలూ, జీవాలు మేపిన ఇల్లు, వాళ్ళది తాతల కాలం నుంచి బైబిలు సదివే ఇల్లు. "దేవరకు కోసింది నాకొద్దక్కా, నా కోసరం ఒక కోడిని వేరే కొయ్యి" అనేది. కోసేదాన్ని.

ఆమెకు మోకాళ్ళు పట్టేసినాయి. అదే ఏడు కూతురికి కవలలు పుట్టినారు. పులివెందులలో కూతురి ఇంటి ఎదురుగ్గానే ఒక చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. కింది ఇల్లు, మెట్లెక్కే పని ల్యా. దాన్ని అమ్మేటోళ్ళు ఆరు నెలలు ఆగుతామన్యారు. ఇది అమ్మల్ల, అది కొనల్ల. అంతే.

మా వీధిలో ఒక పద్ధతి ఉండాది. ఇల్లు అమ్మేటోళ్ళు ధర వాళ్ళకు వాళ్ళే పెట్టుకోరు. పెట్టుకుంటే దుడ్లకు మొగం వాచినట్టు కనపడతారని. పక్కింటి పెద్దదాన్ని అడిగి పెట్టించుకుంటారు. కొనేటోళ్ళు కూడా ముందు పక్కింటి గడప తొక్కి, ఎంత చెప్తాండారు, నీళ్ళు ఎట్లుంటాయి అని అడిగినాకనే ఆ ఇంటికి పోతారు. ఆ వీధిలో పెద్దదాన్ని నేను. అదీగాక మా నాయన జమ్మలమడుగు పక్క పల్లెలో జీవాలు మేపినోడు. నాకు పదేండ్లప్పటి నుంచే సంతకు పిల్చుకపోయేటోడు. పొట్టేలు నడుం మీద చెయ్యి పెడితే ఎన్ని కిలోలు పడతాదో ఇప్పటికీ చెప్తా. చీర కొన్నా, గేదెను కొన్నా ధర నన్నే అడిగే వీధి అది.

ఆ పొద్దు రూతమ్మ వసారాలో బండ మీద కూర్చోని చిక్కుడుకాయలు ఒలుస్తాండాది.

"అక్కా, ఎంత చెప్పమంటావు?"

నాకు తెలుసు. రెండు నెలల ముందే వీధి కొసన ఇట్లాంటి ఇల్లే, అన్నే సెంట్లు, ఇరవై ఆరు లక్షలకు పోయింది. రూతమ్మది మూల మీదిది, ఇంకో రెండు వస్తాది. ఇరవై తొమ్మిది చెప్తే ఇరవై ఎనిమిదికి తెగుతాది. నెల తిరక్కుండానే తెగుతాది. ఆ అంకె నా నాలిక మీదనే ఉండాది.

"ముప్పై ఎనిమిది లక్షలు చెప్పు," అంటి.

ఆమె చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఏందక్కా, గోడల్లో బంగారం పెట్టి కట్టినామా? కొసన ఇల్లు ఇరవై ఆరే గదా."

"ఆ ఇంటికీ నీ ఇంటికీ పోలికేందమ్మే? నీది మూల. ఆ ఇంటి బోరు నీళ్ళలో పప్పు కూడా ఉడకదు."

"అంత చెప్తే పారిపోతారేమో."

"పోనీలే. కావాల్సినోడు వస్తాడు. నువ్వు మాత్రం దిగొద్దు. దిగినావంటే అలుసైపోతావు."

ఆమె నవ్వింది. "సరే తల్లీ. గొర్రె బరువు చెప్పేదానివి, ఇంటి బరువు చెప్పలేవా."

ఇప్పుడు సంత సంగతి చెప్తా, అప్పుడు తెలుస్తాది నేను చేసిందేందో. ధర మించి చెప్పిన జీవాన్ని ఆ వారం ఎవరూ కొనరు. ఇంటికి తోలుకపోతాం. మళ్ళా వారం తెస్తే చూసినోళ్ళే గుర్తుపడతారు. ఇది వాపసు పోయింది గదా, ఏం రోగమో అంటారు. పళ్ళు చూస్తారు, గిట్టలు చూస్తారు, లేని తెగులు ఎతుకుతారు. మొదటి వారం వచ్చే ధర ఇంక రాదు. మా నాయనకు రెండు ధరలుండేవి, అమ్మేదానికి ఒకటి, అమ్మకుండా ఉండేదానికి ఒకటి. ఇష్టమైన పొట్టేలును ఎవరన్నా అడిగితే ఇయ్యను అనేటోడు కాదు, ధర పెంచేటోడు. అడిగినోడే పోయేటోడు.

రూతమ్మ ఇంటికి నేను పెట్టింది ఆ రెండో ధర.

మొదటి నెల శానా మందే వచ్చినారు. అందరూ ముందు నా గడపకే. కమలాపురం నుంచి ఒక టీచరు, ఆయన భార్య వచ్చినారు. ఆ పిల్లకు ఇల్లు పట్టేసింది. వంటింట్లో నిలబడి అలమర తలుపు తీస్తాంది, మూస్తాంది, అప్పుడే గిన్నెలు సర్దుకుంటాండే మాదిరి. ఆయన నా దగ్గరికి వచ్చి, ఇరవై ఎనిమిదికి మాట్లాడి ఇప్పియ్యి పెద్దమ్మా అన్యాడు. ఆయమ్మ ముప్పై ఎనిమిదిలో పైసా దిగదు నాయనా అంటి. రూతమ్మను అడగను కూడా అడగలే. వాళ్ళు బస్సెక్కి పోయినారు. ధర చెప్పింది ఒక తప్పైతే, ఇది ఇంకొకటి. దీన్ని దాని కింద దాయను.

ఆరు నెలలకు వీధిలో మాట మారింది. అంత మంచి ఇల్లైతే ఎందుకు నిలబడిపోయిందంట? వాస్తు ల్యాదంట. వీధి పోటంట. ఆ మాట నేను పుట్టించలే. అది గట్టిగా రాయి. పుట్టించలే గాని, ఆపలే.

పులివెందుల ఇంటిని వేరేవాళ్ళు కొనుక్కున్యారు. రెండో ఏడు దాటినాక రూతమ్మ తన ఇల్లు ఇరవై రెండుకు ఇచ్చేసింది. ఆ దుడ్లకు పులివెందులలో దొరికింది కూతురికి నాలుగు వీధుల అవతల, మిద్దె మీద పోర్షను. ఆ మోకాళ్ళతో మెట్లు. ఎక్కితే దిగదు, దిగితే ఎక్కలేదు. కవలలు పెద్దోళ్ళయినారు, ఆమె చేతుల్లో పెరగలే.

ఎందుకు చేస్తినో? నన్ను నేనే అడుగుతాండా, ఇన్నేండ్లూ అడుగుతానే ఉండా. అసూయా? నాకు లేని కూతురా? మీ అమ్మ పక్క వీధిలోనే ఉండె గదా. దుడ్ల ఆశా? నాకు ఒక్క రూపాయి రాలే. నాకు వచ్చింది రెండేండ్లు. రెండేండ్ల కాఫీ, రెండేండ్ల ఆకూవక్క, గోడ మీద తట్టితే ఆ పక్క నుంచి "ఆఁ అక్కా" అనే గొంతు. అదే నాకు వచ్చింది.

ఆమెను పొమ్మనేదానికి కూతురుండె, అల్లుడుండె, పాస్టరుండె. నన్ను ఎవరన్నా అడిగినారా, నీకు ఎట్లమ్మా అని? మొగుడూ పెండ్లాం విడిపోతే పంచాయితీ పెడతారు. అన్నదమ్ములు విడిపోతే పెద్దమనుషులొస్తారు. ఇరవై ఆరేండ్లు ఒక గోడకు ఆ పక్కా ఈ పక్కా బతికిన ఇద్దరాడోళ్ళు విడిపోతాంటే లారీ మాట్లాడతారు, అంతే. ఉండిపో రూతమ్మా అని నోటితో అనేదానికి నేనెవరు? చుట్టమా, తోబుట్టువా? నా చేతిలో ఉండింది ఆ ధరొక్కటే. దాన్నే వాడుకుంటి.

ఏంది పాపా, అట్ల చూస్తాండావు? తప్పు కాదా అవ్వా అనా? తప్పే. తప్పని తెలిసే చేసినా. ఆ పొద్దు మళ్ళా వచ్చి, ఆమె మళ్ళా ఎంత చెప్పమంటావక్కా అంటే, ఏం చెప్తానో నాకే తెలీదు. ఇరవై తొమ్మిది అంటానని రాసి నన్ను మంచిదాన్ని చెయ్యొద్దు.

ఇంకా మోసేదాన్నే. పోయిన నెల పులివెందులకు పోకపోయింటే మోస్తానే సచ్చేదాన్ని. ఆ మెట్లెక్కి పోయి ఆమె పక్కన మంచం మీద కూర్చున్నా. అన్నానికి ముందు ఆమె ప్రార్థన చేసె. కూతురికి, కవలలకు, నాకు, అందరికీ అడిగి, ఆఖరుకు అనె గదా, ప్రభువా, ఆ ఇంటి ధర దగ్గర నాకు ఆశ ఎక్కువైంది, ఆ పాపం తుడిచెయ్యి అని. నేను కండ్లు మూసుకోని ఉంటి. ఆమెన్ అని కూడా అంటి.

కూతుర్ని పక్కకు పిల్చి అడిగినా. ఇల్లు అమ్మినప్పటి నుంచీ ప్రతి పూటా అంతేనంట. అల్లుడు ఆటలు పట్టిస్తాడంట, మా అత్త ముప్పై ఎనిమిది లక్షలావిడ అని. రూతమ్మ నవ్వుతాదంట. ధర అక్క పెట్టింది అని కూతురికి చెప్పలే, అల్లునికి చెప్పలే. వాళ్ళ దేవునికీ చెప్పలే.

అది ఒక్కటి నాకు పడలే. నా తప్పు నాది. నేను మనిషి కోసరం చేసినా. దానికి ఆశ అని పేరు పెట్టి ఇంకొకరు నెత్తికెత్తుకోని దేవుని ముందర తల వంచుతాంటే నేను ఒప్పుకోను.

పాపా, ఇది యాడన్నా అచ్చయితే సరే, కాకపోతే సరే. నువ్వే పులివెందులకు పోయి ఆయమ్మకు సదివి వినిపియ్యి. నేను రాను. తిడితే తిట్టనీ. ఫోను ఎత్తకపోతే మానీ. క్షమించినా అని చెప్పు అంటే మాత్రం ఆ మాట నా దగ్గరికి మోసుకరావద్దు. నేను అడగలే.

ఆ చెంబు ఇట్లియ్యి, రెండు గుక్కలు తాగనీ. 

ఆఖరు మాట ఆమెకే రాయి. రూతమ్మా, రేపు అన్నం ముందర ఆ ఒక్క మాట ఆపు. నీకు ఎప్పుడూ ఆశ ల్యా. ఆ ముప్పై ఎనిమిది నాది.