గుంట లేని ఇల్లు

రంగరాజులు ఎక్కడ కూర్చున్నా ఆయన కాళ్ళు కదులుతూనే ఉంటాయి. టీ కొట్టు బెంచీ మీదైనా సరే, కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి, అక్కడ లేని తొక్కుడు చెక్కలను తొక్కుతూ ఉంటాడు. తమిళనాడులోని గుడియాత్తంలో పసితనం నుంచీ నేలలో తవ్విన మగ్గం గుంటలోకి దిగి లుంగీలు నేసిన కాళ్ళు మరి. ఇప్పుడు వాళ్ళ వీధిలో పాత ఇళ్ళు తీసేసి మూడంతస్తులు కట్టబోతున్నారు. స్థలం మున్సిపాలిటీది, అప్పు బ్యాంకుది, కట్టించే బాధ్యత మహిళా సంఘానిది. ముగ్గురూ కలిసి పెట్టిన మీటింగులో రంగరాజులు లేచి, "మేడ మీద మగ్గానికి గుంట యాడ తవ్వేది సార్?" అని అడిగాడు. మున్సిపాలిటీ ఆయన బ్యాంకాయన వైపు చూశాడు. బ్యాంకాయన సంఘం లోకేశ్వరి వైపు చూశాడు.

"కింద ఒక్క ఇల్లే మిగిలుండాది. మగ్గం కోసరం నీకే ఇస్తాం మామా" అంది లోకేశ్వరి. రంగరాజులు ముఖం వెలిగింది. వెనక నుంచి పక్కింటి తంగమ్మ, "ఇయ్యమ్మా, ఇయ్యి! ఇన్నేండ్లూ ఆ మగ్గం సద్దుతో నా నిద్ర చెడగొట్నాడు. పైనైతే నేను హాయిగా పడుకుంటా" అంటూ మోకాలు పట్టుకుని, గోడ ఆసరాతో లేచింది. అందరూ నవ్వారు. రంగరాజులు నవ్వలేదు. "కింది ఇల్లు అక్కకే ఇచ్చేయండి. దినామూ ఈమెను పైకి మోసేది ఎవరు, నేనా?" అన్నాడు.

ఆ సాయంత్రమే మగ్గం విప్పి, గుంటను తన చేత్తోనే పూడ్చాడు. కూల్చబోయే ఇంట్లో పూడ్చడమెందుకని ఎవరూ అడగలేదు. మట్టి చదును చేసి, దాని మీదే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆ కాళ్ళు కదల్లేదు.