ఎడమ నుంచి చూసిన సముద్ర యుద్ధం

మా కాలేజీలో చరిత్ర చెప్పే ప్రొఫెసర్ ఒక నియమం పెట్టారు: మ్యూజియంలో ఒక చిత్రాన్ని ఎంచుకుని ముందు కళ్ళారా చూడాలి, పక్కనున్న వివరం తర్వాతే చదవాలి. నేను సముద్ర యుద్ధం ఉన్న పాత జపాన్ తెరను ఎంచుకున్నాను. ఆ మాట వినగానే అమ్మమ్మ తనూ వస్తానంది. వాషింగ్టన్ శివారు హెర్న్‌డన్‌లో ముప్పై ఏళ్ళు పిల్లల డాక్టరుగా పనిచేసిన మనిషి. రెండేళ్ళుగా కంటి మధ్య చూపు మసకబారుతోంది. మనుషుల అంచులు తెలుస్తాయి, ముఖాలు తెలియవు. "నువ్వు తెలుగులో చెప్పు, నేను చూస్తాను," అంది. నేను తెలుగు రాయడం ఈ మధ్యే నేర్చుకున్నాను. నా మాటలు చాలకపోతే ఆమెకు ఆ బొమ్మ లేనట్టే.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు హెర్న్‌డన్‌లో సిల్వర్ లైన్ రైలెక్కాం. వారాంతంలో చార్జీ తక్కువ, మధ్యలో మారక్కర్లేదు. సుమారు గంటలో వాషింగ్టన్‌లో దిగి, కొద్ది నిమిషాలు నడిస్తే ఆసియా కళల మ్యూజియం. ప్రవేశం ఉచితం. కౌంటర్‌లో అడిగితే మడత స్టూలు కూడా ఇచ్చారు.

అది గదిలో అడ్డుగా నిలబెట్టే ఆరు పలకల మడత తెర; పలకలన్నిటి మీదా కలిపి ఒకే పొడవాటి బొమ్మ. అమ్మమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, ఎడమ చివర మొదలుపెట్టాను.

"ఓడ అంచున ఒక ముసలావిడ. చేతుల్లో చిన్న పిల్లాడు. కింద నీళ్ళు, తెల్లటి... ఫోమ్‌ని ఏమంటారు?"

"నురగ. పిల్లాడికి ఎన్నేళ్ళుంటాయి?"

"ఆరో, ఏడో. జుట్టు రెండు పక్కలా ముడేశారు."

"భయపడుతున్నాడా?"

దగ్గరకు వెళ్ళి చూశాను. "లేదు. ఆవిడ ముఖంలోకి చూస్తున్నాడు."

"ఊ, ఆగావేంటే? కంటిన్యూ చెయ్యి."

కుడికి జరిగాను. బాణాలు, గుద్దుకున్న ఓడలు, నీళ్ళలో తేలుతున్న ఎర్ర జెండాలు. ఇంకా జరిగితే యుద్ధం పల్చబడింది. చివరి పలకలో ఉదయపు సముద్రం, వరుసగా ఓడలు, జెండాలన్నీ నిటారుగా. పెద్ద ఓడ పందిరి కింద అదే ముసలావిడ, ఒడిలో అదే పిల్లాడు.

"హమ్మయ్య, బతికాడన్నమాట," అంది అమ్మమ్మ.

అక్కడున్న గైడ్, తెల్లజుట్టు పెద్దాయన, నా వేలు వెళ్ళిన దారి చూస్తున్నట్టున్నారు. దీన్ని కుడి నుంచి ఎడమకు చూడాలని నా పక్కకొచ్చి, నాకు మాత్రమే వినబడేలా ఇంగ్లీషులో చెప్పారు. అప్పుడు వివరం చదివాను. 1185లో దాన్-నో-ఉరా దగ్గర జరిగిన యుద్ధం. పిల్లవాడు చక్రవర్తి. ఎర్ర జెండాల వంశం ఓడిపోతున్నప్పుడు, అతన్ని శత్రువులకు చిక్కనివ్వకుండా ఆ ముసలావిడ ఎత్తుకుని సముద్రంలో దూకింది. ఆ వంశం పెత్తనం అక్కడితో ముగిసింది.

నేనేమో తెలుగు పేజీలా ఎడమ నుంచి చదివేశాను. అమ్మమ్మకు చెప్పకుండా ఉండాలనిపించింది. కానీ చెప్పాను.

"సారీ అమ్మమ్మా, మొత్తం రివర్స్‌లో చెప్పాను. నురగ దగ్గరున్నది మొదలు కాదు, చివర."

నా వైపు తిరిగి అడిగింది: "ఆవిడ అతనికి ఏమవుతుంది?"

"అమ్మమ్మ."

నా చేయి వెతికి పట్టుకుంది. "ఇప్పుడు కుడి నుంచి చెప్పు, నిజం వినాలి. అయ్యాక మళ్ళీ ఎడమ నుంచి చెప్పు. ఇంటికి అది తీసుకెళ్తాను."

రెండుసార్లూ చెప్పాను. రెండోసారి పిల్లవాడు నీళ్ళ అంచు నుంచి వెనక్కి వచ్చి, బాణాలు దాటి, పందిరి కింద ఒడిలో కూర్చునేదాకా ఆమె చేయి వదల్లేదు.

బయట గడ్డి మీద పులిహోర తిని రైలెక్కాం. యుద్ధాల గురించి రాసేవాళ్ళు గెలుపోటముల దగ్గర ఆగిపోతారు; అమ్మమ్మ మాత్రం ఒక పిల్లవాడి ముఖం దగ్గర ఆగింది. దారిలో కళ్ళు మూసుకునే, "ఆ జుట్టు ముడి వాడికి బాగుందే," అంది. తను చూసిందని అప్పుడు తెలిసింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకటే సలహా: జపాన్ తెరను కుడి చివర నుంచి చూడండి. పక్కన మీవాళ్ళెవరైనా ఉంటే, బయల్దేరేముందు ఒక్కసారి ఎడమ నుంచి కూడా.