చేను చుట్టూ వేసిన సాళ్ళు

మా మరిది పెళ్ళయ్యేదాకా ఆ ఇంట్లో చదువుకున్న కోడలంటే నేనే. బీఎస్సీ బాటనీ. ఏ కాగితం వచ్చినా ముందు నా చేతికే ఇచ్చేవారు. నా మాట వినేవారా అంటే, అది వేరే సంగతి. తరవాత కంప్యూటర్లు చదివిన తోడికోడలు వచ్చింది.

ఆ ఏడు తొలకరికి మామగారు పత్తి విత్తనాలు తెచ్చి వరండాలో పెట్టారు. ఆవిడ ఒక ప్యాకెట్ తిప్పి చూసి, "బీటీ అంటే ఏంటక్కా? మాకు బ్లూటూతే తెలుసు!" అంది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. అదే మాట నేనని ఉంటే మా అత్తగారు నెల్లాళ్ళు దెప్పేది.

"అది బాక్టీరియా పేరమ్మాయ్. దాని జన్యువుని పత్తిలో పెట్టారు. కాయ తొలిచే పురుగు తింటే చస్తుంది," అన్నాను.

"మరి ఈ చిన్న పొట్లం?"

అప్పట్లో మామూలు పత్తి గింజలు విడిగా పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు, చేను చుట్టూ వేయమని. కొన్ని పురుగులు అక్కడ బతికితే, పురుగుజాతి మొత్తం బీటీని తట్టుకోవడం నేర్చుకోకుండా ఉంటుంది. ఈ మాట నేను ఏటా చెప్పేదాన్నే. "పురుగుల్ని మేపడానికా నా సేద్యం?" అని మామగారు ఏటా దాన్ని గట్టున పారేసేవారు. ఊరంతా అంతే.

నేను చెప్పిందంతా విని, ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఈసారి వేసి చూద్దామా మావయ్యగారూ?"

"వేద్దాంలేమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు అరుస్తావు, తను అడుగుతుంది. అదే తేడా," అన్నాడు మా ఆయన. నేనూ మెల్లగా అడిగిన రోజులున్నాయి. అవి ఎవరికి గుర్తు?

సాళ్ళు మొలిచాయి. పక్క చేను రైతు గట్టు మీద ఆగి, "ఏంటి బాబాయ్, పురుగులకి పెళ్ళి భోజనాలా?" అన్నాడు.

"మా చిన్నకోడలు చెప్పిందిరా. కంప్యూటర్లు చదివింది," అన్నారు మామగారు. అన్నం క్యారేజీ పట్టుకుని నేను పక్కనే ఉన్నాను, నా వెనకే ఆవిడ.

"నేను కాదు మావయ్యగారూ, అక్క చెప్పింది," అంది ఆవిడ వెంటనే.

"ఆఁ, పెద్దకోడలు కూడా ఏదో అంటుండేదిలే."

ఆ పేరు ఆవిడే కొట్టేసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. నా మాట నాకు తిరిగి రావడానికి కూడా ఆవిడ దయే కావలసి వచ్చింది.

ఆ మధ్యాహ్నం గట్టు మీద అందరికీ గోంగూర పచ్చడి వేశాను. ఆవిడ వంతు వచ్చేసరికి అయిపోయిందన్నాను. గిన్నె అడుగున ఇంకా ఉంది.