నలభై ఐదు దాటకుండా

నా కారు ఇంజన్ పట్టేసిన రోజు పక్క సీట్లో నా భార్య ఉంది. రెండువేల మూడు ప్రాంతం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆమెకు అంతకు ముందు ఏడాదే డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు వినుకొండ దగ్గర ఒక పల్లెలో. వారమంతా వినుకొండలో వాళ్ళ అన్నయ్య ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సులో గుంటూరు వచ్చేది. ఆదివారం మధ్యాహ్నం నేను కారులో దింపి వచ్చేవాణ్ణి. సెకండ్ హ్యాండులో కొన్న పాత డీజిల్ బండి అది.

ఆ ఆదివారం ఫిరంగిపురం దాటేసరికే మాటామాటా పెరిగింది. ఉద్యోగం మానేసి గుంటూర్లోనే ఏదైనా ప్రైవేటు స్కూల్లో చేరమని నేను. కష్టపడి తెచ్చుకున్నది వదలనని ఆమె. ఇదే గొడవ ఇంట్లో చాలాసార్లు జరిగింది. ఇంట్లో అయితే ఎవరో ఒకరం పక్కగదిలోకి వెళ్ళిపోయేవాళ్ళం. కారులో ఆ వీలు లేదు. అనకూడనివి కూడా అనుకున్నాం. నరసరావుపేట దాటాక ఆమె ఉన్నట్టుండి డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపే మీటరు వైపు చూసింది.

"ముల్లు ఎర్రగీత మీదికొచ్చిందండీ. ఆపండి."

"బండి సంగతి నాకు తెలుసు. నువ్వు మాట మార్చకు" అన్నాను.

మరో మూడు నాలుగు కిలోమీటర్లు అలాగే పోనిచ్చాను. ముందు కాలిన వాసన వచ్చింది. తర్వాత బండి లాగడం మానేసింది. సంతమాగులూరు అడ్డరోడ్డు ఇంకా కాస్త దూరం ఉందనగా ఇంజన్ కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ గొట్టం పగిలి ఉంది. నీళ్ళు ఎప్పుడు కారిపోయాయో ఏమో, చుక్క లేదు.

"నేను ముందే చెప్పానుగా" అని ఆమె ఒక్క మాట అన్నా నాకు తేలికగా ఉండేది. కాసేపటికి వినుకొండ బస్సు వస్తే చెయ్యెత్తి ఆపి, బ్యాగు తీసుకుని ఎక్కేసింది. నేను ఒక ట్రాక్టరాయన్ని బతిమాలి కారుని వెనక్కి లాగించుకొచ్చాను.

ఆ శనివారం ఆమె రాలేదు. పై శనివారమూ రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళ వదిన తీసి, "ఇంకా బడి నుంచి రాలేదు అన్నయ్యగారూ" అనేది. ఒకసారి ఆదివారం కూడా అదే మాట చెప్పి, పాపం, తనే నాలిక కరుచుకుంది. నేను సరేనమ్మా అని పెట్టేశాను. ఇక చేయలేదు.

మూడు వారాలకి ఇంజన్ తయారైంది. సిలిండర్లు బోరు కొట్టి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేశారు. మెకానిక్ షెడ్డు మేస్త్రి ఆరు పదులు దాటిన మనిషి, మాట పొదుపు. తాళం చేతికిచ్చేటప్పుడు మాత్రం నన్ను నిలబెట్టి చెప్పాడు.

"మాస్టారూ, రింగులు కొత్తయ్యి. అయ్యి సిలిండర్ గోడకి ఒరుసుకోని, ఒరుసుకోని అలవాటు పడాలి. వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై ఐదు దాటొద్దు. అట్టాగని ఒకటే స్పీడులో పోవద్దు. పెంచతా తగ్గిస్తా ఉండాలి. ఊళ్ళో తిప్పితే పని జరగదు, రోడ్డు మీదికి తీసుకుపొండి. బండిలో బరువెయ్యొద్దు."

"మనుషులు?"

"ఒక్కళ్ళే పొండి. సగం దూరం అయినాక వస్తే ఆయిల్ మారుస్తా."

ఒక్కణ్ణే వెళ్ళమని ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం లేదు. ఎటు వెళ్ళాలన్నదే తెలియలేదు. పని లేకుండా ఇన్ని కిలోమీటర్లు ఎక్కడ తిరగాలి? విజయవాడ రోడ్డు మీద లారీల మధ్య నలభైలో పోవడం ప్రమాదం. ఆదివారం పొద్దున బయలుదేరితే చెయ్యి దానంతటదే నరసరావుపేట వైపు తిప్పింది.

మిరపకాయలు కోతకొచ్చిన కాలం. రోడ్డు పక్క కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. ఏసీ లేని బండి, అద్దాలు దించితే ఘాటుకి తుమ్ములు. తుమ్మినప్పుడల్లా కాలు యాక్సిలరేటర్ మీద అదిరేది, వెంటనే స్పీడు ముల్లు చూసుకునేవాణ్ణి. పత్తి తొక్కి నింపిన ట్రాక్టర్లు కూడా నన్ను దాటిపోయేవి. ఒక డ్రైవరు పక్కకొచ్చి, "ఏమయ్యా, బండి కొత్తా, నువ్వు కొత్తా?" అని అరిచి పోయాడు. ఆ రోజంతటికీ నాతో మాట్లాడింది అతనొక్కడే. ఇంటికొచ్చాక గాని ఆ సంగతి గుర్తించలేదు.

అంత నెమ్మదిగా పోతుంటే ఆలోచించకుండా ఉండటం కుదరదు. గొడవ మొత్తం మొదటి నుంచి మళ్ళీ నాలో నేనే చెప్పుకునేవాణ్ణి. మొదటి వారం నా వాదనే బాగుంది. రెండో వారానికి అందులో పస తగ్గింది. మూడో వారం ఆమె అన్న మాటలు నేనే పైకి అని చూసుకున్నాను. అందులో తప్పు దొరకలేదు.

సంతమాగులూరు అడ్డరోడ్డులో ఒక టీ బంకు ఉండేది. అక్కడ బానెట్ ఎత్తి, ఇంజన్ చల్లారేదాకా బల్ల మీద కూచునేవాణ్ణి. బంకు నడిపే పెద్దావిడ మూడోసారి వెళ్ళినప్పుడు అడిగింది.

"ఎవరింటికి బాబూ, వారంవారం?"

"ఎవరింటికీ కాదమ్మా. కొత్త ఇంజన్, తిప్పుతున్నాను."

"తిప్పడానికి ఇంత దూరం రావాలా? పై ఊళ్ళలో మీ వాళ్ళెవరన్నా ఉన్నారేమో అనుకున్నా."

"వినుకొండలో ఉన్నారు."

"మరి పోయి రారాదా? ఇంతా వచ్చి."

టీ తాగి, ముందుకే వెళ్ళాను. వినుకొండ కొండ బాగా దగ్గరయ్యేదాకా వెళ్ళి, రోడ్డు పక్క ఆపి, అక్కణ్ణుంచే బండి తిప్పేశాను. తర్వాత రెండు వారాలూ అంతే. మధ్యలో మేస్త్రి దగ్గరికి వెళ్తే పాత ఆయిల్ డబ్బాలోకి దించి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూపించాడు. సన్నటి ఇనుపరజను తళతళమంది. నేను కంగారుపడితే, "రావాలండీ. మొదట్లో రాకపోతేనే ఆలోచించాలి" అన్నాడు.

ఆరో ఆదివారం వెనక్కి తిప్పకుండా ఊళ్ళోకి వెళ్ళాను. వాళ్ళ అన్నయ్యావాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. ఆమె వరండాలో చాప మీద కూచుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నన్ను చూసి లేచి, లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"బండి బాగయిందా?"

"అయింది. వెయ్యి కావస్తోంది. ఇంతకు ముందు మూడు వారాలు కొండ దాకా వచ్చి వెళ్ళాను."

ఆమె చేతిలోని ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. "లోపలికి రావడానికి ఏమైంది?"

గ్లాసు కింద పెట్టి, "ఉద్యోగం మానొద్దు. నేనే పొరపాటు పడ్డాను" అన్నాను.

"ఆ మాట ఆ రోజు అనుంటే నేను బస్సెక్కేదాన్ని కాదు" అంది. కోపంగా అనలేదు. బడిలో పిల్లలకి లెక్క ఎక్కడ తప్పిందో చెప్పినట్టు చెప్పింది. "ఈ రెండు నెలలూ నాకు హాయిగా ఉందండీ. మీకు చెప్పడానికి కష్టంగా ఉంది గాని, నిజం అదే."

అన్నం పెట్టింది. దోసకాయ పప్పు, మజ్జిగ. తిన్నాను. బయల్దేరుతూ, "ఊరి చివరిదాకా వస్తావా, బండి ఎలా పోతోందో చూద్దువు గాని" అన్నాను.

"పేపర్లున్నాయి" అంది. గేటు దాకా మాత్రం వచ్చింది.

దారిలో ఎక్కడో వెయ్యి దాటింది. ఎక్కడన్నది చూసుకోలేదు.

రెండేళ్ళ తర్వాత కాగితాల మీద కూడా విడిపోయాం. ఇద్దరం ఒకే ఆటోలో కోర్టుకి వెళ్ళాం, ఎవరి దారిన వాళ్ళం తిరిగొచ్చాం. ఆమె ఆ తర్వాత హెడ్మాస్టరు అయిందని విన్నాను. సంతోషించాను. కారు నా దగ్గర మరో ఆరేళ్ళు ఉంది, ఇంజన్ మళ్ళీ విప్పాల్సిన పని రాలేదు. ఆదివారాలు ఏం చేసుకోవాలో మాత్రం నాకు చాలాకాలం తెలియలేదు.