చాచా గారి ఫైళ్లు, నా కొత్త వర్షన్

ఆ రోజుల్లో అమీర్‌పేటలో మనిషికి ఊరూ పేరూ ఉంటే చాలేది కాదు, వర్షన్ కూడా ఉండాలి. "ఏం నేర్చుకుంటున్నావు?" అని ఎవరైనా అడిగితే కోర్సు పేరు చెప్పి ఊరుకోకూడదు, దాని వెనక ఒక అంకె కూడా చెప్పాలి. ఆ అంకె ఎంత పెద్దదైతే అంత గౌరవం. నేను డిప్లొమా కాగితం పట్టుకుని తణుకు దగ్గర్నుంచి వచ్చి, మధురానగర్ హాస్టల్లో నలుగురుండే గదిలో ఐదోవాడిగా చేరి, భవనాల ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ మైత్రీవనంలో మూడు నెలలు నేర్చుకున్నాను. ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురం. ఒకడి చేతిలో మౌసు, రెండోవాడి చేతిలో నోట్సు, మూడోవాడు ఊరికే చూడాలి. (నేను ఎక్కువగా మూడోవాణ్ణే.) అయినా నేర్చుకున్నది సరికొత్త వర్షన్ కాబట్టి, హైదరాబాదులో కట్టబోయే భవనాలన్నీ నా కోసమే ఆగి ఉన్నాయని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోతుంది కూడా. ఎందుకో చెబుతాను.

పంజాగుట్టలో ఒక ఆర్కిటెక్టు గారి ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆయన్ని అందరం సార్ అనేవాళ్లం, మా గోదావరి జిల్లా మనిషే. నా కుర్చీ పక్క కుర్చీ చాచాది. ఆయన ముప్ఫై ఏళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్. మా వైపు పెద్దవాళ్లను గారు లేకుండా పిలిస్తే వీపు చిట్లుతుంది కాబట్టి నేను మొదటి రోజే "చాచా గారూ" అన్నాను. ఆఫీసంతా పగలబడి నవ్వింది. ఆయన మాత్రం, "అననియ్యుండ్రి. బాబాయికి గారు ఉంటది గాని చాచాకు ఉండదా?" అన్నారు. బల్ల మీద ట్రేసింగ్ కాగితం పరిచి ఇంకు పెన్నుతో ప్లాన్లు గీసిన మనిషి, యాభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నారు. ఎడమ చేత్తో కమాండ్లు కొడుతుంటే కీబోర్డు వైపు చూసేవారు కాదు. రబ్బరు పొట్టు దులపడానికి డ్రాఫ్ట్స్‌మన్లు వాడే మెత్తటి కుంచె ఒకటి ఆయన దగ్గర ఉండేది. పొద్దున్నే రాగానే దాంతో మానిటర్‌ను పై నుంచి కింద దాకా దులిపి, అప్పుడు పని మొదలుపెట్టేవారు. నేను హాస్టల్లో ఆ దులపడాన్ని నటించి చూపించి నలుగురినీ నవ్వించేవాణ్ణి.

మా ఆఫీసులో వాడుతున్నది పాత వర్షన్. నేను చేరిన రెండు నెలలకు సార్‌కి కొత్త వర్షన్ మీద మనసు పడింది, కానీ ఖరీదు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నెల రోజులు ఉచితంగా వాడి చూసుకోమని కంపెనీవాళ్లు ఒక సీడీ ఇచ్చి పోయారు. సార్ దాన్ని నా చేతిలో పెట్టి, "ఏమయ్యా, నువ్వు కొత్తది నేర్చుకునొచ్చావు కదా. నీ కంప్యూటర్‌లో వేసుకో. తీసుకోవాలో వద్దో నెలాఖరుకి ఒక కాగితం మీద రాసివ్వు," అన్నారు. ముప్ఫై ఏళ్ల చాచా గారిని పక్కన పెట్టుకుని రెండు నెలల నన్ను అడిగారు! ఆ సాయంత్రం నేను అమీర్‌పేట దాకా నడిచి వెళ్లానో తేలి వెళ్లానో నాకు గుర్తులేదు. చాచా గారు మాత్రం ఒక్కటే మాట అన్నారు. "మంచిగ చూసి రాయ్ బేటా. నాకు గిది చాలు గాని, మీ అసొంటోళ్లకు అది కావాలె."

అప్పుడు ఆయన మెహదీపట్నంలో కట్టబోయే ఒక బడి ప్లాను గీస్తున్నారు. పదకొండు డ్రాయింగులు. ఎండ నల్లబల్ల మీద పడకుండా కిటికీలు ఎటు పెట్టాలో మూడు రోజులు ఆలోచించిన పని అది. ఆఫీసు డ్రాయింగులన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండేవి, ఎవరి కంప్యూటర్ నుంచైనా తెరవొచ్చు. కొత్త వర్షన్ గొప్పతనం సార్‌కి చూపిద్దామని నేను ఆ పదకొండూ తెరిచి, గోడలకు ఒక రంగు, తలుపులకు ఒక రంగు వేసి, అన్నిటినీ శుభ్రంగా సేవ్ చేశాను. (ఎవరూ అడగలేదు. అడగని సాయం చెయ్యడంలో నన్ను మించినవాడు ఆ వీధిలో లేడు.)

మర్నాటి నుంచి చాచా గారు మాట్లాడటం తగ్గించారు. టీకి రావడం లేదు. మూడో రోజు నేను కాస్త ముందుగా ఆఫీసుకి వెళ్లేసరికి, బీరువా వెనక ఎప్పుడో మూలన పడేసిన పాత డ్రాయింగ్ బల్ల ముందు నిలబడి ట్రేసింగ్ కాగితం మీద బడి ప్లాను చేత్తో గీస్తున్నారు. నన్ను చూసి చిన్నపిల్లాడిలా ఉలిక్కిపడ్డారు.

"జర ఇటు రా బేటా. సార్‌కు చెప్పకు," అన్నారు. "బడి ఫైళ్లు ఒక్కటి సుత తెరుచుకుంటలేదు. ఏం వొత్తిన్నో ఏమో, అన్నీ ఖరాబ్ చేసిన. సోమవారం ఇయ్యాలె. అందుకే యాదికున్నకాడికి గీస్తున్న."

నేను వీరుడిలా నా కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాను. తెరుచుకుంది. రెండోదీ తెరుచుకుంది. పదకొండూ తెరుచుకున్నాయి. ఆయన రెండు చేతులతో నా తల పట్టుకుని, "బతికిచ్చినవ్ బేటా," అన్నారు. నాకు మాత్రం మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పాత వర్షన్ ఫైళ్లను పాడు చేస్తోంది, కొత్తది వాటిని కూడా బాగు చేస్తోంది! ఆ మధ్యాహ్నమే సార్‌కి ఇవ్వాల్సిన కాగితం పూర్తి చేసి, చివర ఒక వాక్యం చేర్చాను. పాత వర్షన్‌ను ఇక నమ్మడానికి లేదు, బడి ఫైళ్లు అందులో తెరుచుకోవడం లేదు అని. చాచా గారి పేరు మాత్రం ఎత్తలేదు. నిజంగానే అలా అనుకుని రాశాను. అంతవరకూ నా తప్పు తెలివితక్కువతనం మాత్రమే.

సాయంత్రం మైత్రీవనం వెళ్లి, మాకు పాఠం చెప్పిన అన్నకు ఈ వింత చెప్పాను. టీ తాగుతున్న ఆయనకు పొలమారింది.

"అరె భాయ్, కొత్తదాంట్ల సేవ్ చేస్తే పాతదాంట్ల ఎట్ల తెరుచుకుంటది? సేవ్ యాజ్ కొట్టి, పాత వర్షన్ ఏదుందో అది ఎంచుకోవాలె. గింత సుత తెల్వదా?"

"మీరు చెప్పలేదు కదన్నా."

"ఈడ పాతది ఏడున్నది చెప్పనీకి?"

నిజమే. అమీర్‌పేటలో పాతదనేది ఒకటి ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. అక్కడ నిన్నటి సీడీ ఇవాళ అట్ట ముక్క. అలా కొత్తది ఒక్కటే నేర్చుకున్నవాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు నేను చేశాను. మర్నాడు పొద్దున మధురానగర్ నుంచి పంజాగుట్ట దాకా నడుస్తూ చెప్పాల్సిన రెండు వాక్యాలూ వల్లె వేసుకున్నాను. "చాచా గారూ, ఫైళ్లు మీరు పాడు చెయ్యలేదు. నేను కొత్త వర్షన్‌లో సేవ్ చేశాను." అంతే. పసిపిల్లలు కూడా అప్పజెప్పగలరు.

వెళ్లేసరికి సార్ గదిలో చాచా గారు నిలబడి ఉన్నారు. సార్ నన్ను పిలిచి భుజం తట్టి, "నీ కాగితం చదివానయ్యా. ఆ చివరి వాక్యం ఒక్కటి చాలు. కొత్తది తెప్పిస్తున్నాను," అన్నారు. అప్పుడు చాచా గారు తల వంచుకుని, "సాఫ్ట్‌వేర్‌ను అనకుండ్రి సార్. అది ఇన్నేండ్లు మంచిగ పనిచేసింది. నా చెయ్యే ఖరాబైంది. ఈ పిల్లగాడు లేకపోతే బడి పని ఆగిపోతుండె," అన్నారు. సార్ చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. నా రెండు వాక్యాలూ గొంతు దాకా వచ్చాయి. మింగేశాను.

మర్నాడు నా కోసం వాళ్లావిడ చేత బగారా అన్నం చేయించి డబ్బాలో తెచ్చారు చాచా గారు. తిన్నాను. చాలా బాగుంది. అది అంత బాగున్నందుకు కూడా నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొత్త వర్షన్ వచ్చింది. ఆయన దాన్ని నేర్చుకోలేకపోలేదు. వారంలోనే కమాండ్లన్నీ పట్టేశారు. కానీ ఏదైనా గీసి, చెయ్యి గాల్లో ఆపి, నా వైపు తిరిగేవారు. "సేవ్ కొట్టాల్నా బేటా?" అని అడిగేవారు. "కొట్టండి చాచా గారూ," అనేవాణ్ణి. రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు. ముప్ఫై ఏళ్లు ఊరి నిండా ఇళ్లు గీసిన మనిషి నన్ను అడిగి సేవ్ కొట్టేవారు. ఇవాళైనా చెప్పేద్దాం అని ప్రతిసారీ అనుకునేవాణ్ణి, ప్రతిసారీ కొట్టండి అనే అనేవాణ్ణి. రెండు నెలలు చూసి, కళ్లు సరిగ్గా కనబడటం లేదని సార్‌తో చెప్పి ఆయన పని మానేశారు. వెళ్లేటప్పుడు కుంచె నాకు ఇవ్వబోయారు. వద్దన్నాను. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాననుకుంటాను.

ఏడాది తర్వాత నేను మాదాపూర్‌లో పెద్ద కంపెనీలో చేరాను. అక్కడ ఒకరోజు నా ఫైలు తెరుచుకోలేదు. ఏం నొక్కానా అని చేతుల వైపు చూసుకున్నాను. ఇంతకూ పక్క సీటు కుర్రాడు అంతకన్నా కొత్త వర్షన్‌లో సేవ్ చేశాడట. "సారీ బాస్" అని నవ్వాడు, నిమిషంలో సరిచేశాడు. ఆ ఒక్క నిమిషం నేను పడ్డది చాచా గారు రెండు నెలలు పడ్డారు. ఆ ఆదివారమే షేర్ ఆటో ఎక్కి, దారి అడుగుతూ అడుగుతూ బోరబండలో ఆయన ఇల్లు పట్టుకున్నాను.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. గొంతు విని గాని నన్ను పోల్చుకోలేదు. టీ రాకముందే రెండు వాక్యాలూ చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమురుకున్నారు.

"అంటే, నా చెయ్యి మంచిగనే ఉండెనా?"

"మీ తప్పేం లేదు చాచా గారూ."

ఆయన లోపలికి గట్టిగా కేకేశారు. "సునో! ఇటు రా. ఈ పిల్లగాడు ఏం చెప్తుండో విను. ఫైళ్లు నాతోని ఖరాబు కాలేదంట!"

చాచీ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "అప్పటిసంది కలం ముట్టలేదు బేటా," అంది. "గ్యాస్ కాయితం సుత నాతోనే నింపిస్తడు. తాను రాస్తే ఖరాబైతది అంటడు."

నేను ఏడ్చేశాను. ఆయనే నా మోకాలి మీద చెయ్యి వేశారు. "గా దినమే చెప్తే అయిపోతుండె గద. నేను నవ్వేటోణ్ణి. సార్ సుత నవ్వేటోడు. మల్ల పని చేసుకునేటోళ్లం." మళ్లీ ఆయనే, "పనికి రా చాచా అంటవేమో, అనకు. అప్పుడు కళ్లు మంచిగనే ఉండె, సార్‌తోని అబద్ధం చెప్పిన. ఇప్పుడు నిజంగనే కనబడ్తలేవు," అన్నారు. అని, చాచీతో పిల్లగాడికి చాయ్‌లో చక్కెర జర ఎక్కువెయ్యి అని చెప్పారు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న ఆఫీసు ఉంది. కొత్త వర్షన్ వచ్చినప్పుడల్లా పిల్లలు నా చుట్టూ మూగుతారు, నేను నెలల తరబడి నానుస్తాను. సార్‌కి కొత్తదంటే భయం అని వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ, ఆ వయసులో నేను ఇంతకన్నా ఎక్కువే నవ్వాను. ఆ ఇరవై రెండేళ్లవాడి మీద నాకిప్పుడు కోపం కూడా లేదు, జాలే. నా కుర్చీ నుంచి చాచా గారి కుర్చీకి మహా అయితే నాలుగడుగులు. వాడు ఆ నాలుగడుగులూ వెయ్యలేక, ఏడాదిన్నర చుట్టూ తిరిగి, ఆయనకు చూపు పోయాక వెళ్లి చెప్పాడు.