పైవీధి పెద్దాయన గ్యాస్ మాత్రలు

ఆ రోజుల్లో నాకు ఈ లోకంలో కొలవలేనిది ఏదీ లేదని గట్టి నమ్మకం ఉండేది. వయసు ఇరవై నాలుగు, చేతిలో యూనివర్సిటీ వాళ్లిచ్చిన బీపీ మిషను, వెనక నెలనెలా వచ్చే స్కాలర్‌షిప్పు. ఇన్ని ఉన్నాక ఎవరికైనా అలాంటి పొగరు రాక మానదు. బీపీ మిషను అంటే ఇప్పటిలా మీట నొక్కితే అంకె చూపించే బొమ్మ అనుకునేరు. అది ఇనుప పెట్టె. మూత తెరిస్తే నిలువుగా గాజు గొట్టం, అందులో పాదరసం. చేతికి పట్టీ చుట్టి రబ్బరు బుడ్డ నొక్కుతుంటే పాదరసం పైకి పాకుతుంది. ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కితే పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. (మా వైపు నాటు బాంబులు కూడా అలాగే, ఒళ్లో, జాగ్రత్తగా ప్రయాణం చేసేవి. నాకేమో నా చదువును చూసి గౌరవంగా తప్పుకుంటున్నారని అనిపించేది.)

నా పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరును మేమంతా గ్రాఫు సార్ అనేవాళ్లం. కోస్తా మనిషి. ఏ సంగతి చెప్పినా కాగితం మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీసుకుంటేగానీ ఆయనకు అర్థమయ్యేది కాదు. రాయలసీమ మెట్ట పల్లెల్లో మగవాళ్లకు రక్తపోటు ఎందుకు ఎక్కువ అన్నది నాకిచ్చిన ప్రశ్న. జవాబు ఆయన ముందే తేల్చుకున్నారు: ఊరగాయ. ఇంటింటికీ వెళ్లి యజమానికి బీపీ చూసి, ఉప్పు ఎంత తింటారు, కారం ఎంత తింటారు అని రాసుకు రావడమే నా పని. దానికోసం పులివెందుల దాటి సింహాద్రిపురం వైపు పోయే దారిలో లోపలికున్న ఒక పల్లెను ఆయన పటం మీద వేలు పెట్టి ఎంచారు. మగ విద్యార్థులంతా ఆ పల్లెకు మేం పోము అన్నారు. ఆడపిల్ల జోలికి ఎవరూ రారని నన్ను పంపారు. ఆ మాట మాత్రం నిజం. ఆ ఊళ్లో ఆడవాళ్ల మీద ఎవరూ కత్తి ఎత్తలేదు. శవాలను కడగడానికి, పిల్లల్ని పెంచడానికి ఎవరో ఒకరు మిగలాలి కదా.

ఆ ఊరికి రెండే వీధులు, పైవీధి, కిందవీధి. ఎందుకు మొదలైందో ఎవరూ సరిగా చెప్పలేని పగ రెండు తరాలుగా ఆ వీధుల మధ్య నడుస్తోంది. పార్టీలు తర్వాత వచ్చి చేరాయి. పైవీధి వాళ్లు ఒక జెండా పట్టుకున్నారు కాబట్టి కిందవీధి వాళ్లు రెండోది పట్టుకున్నారు. ఒక ఎన్నికలకు పైవీధి వాళ్లు పార్టీ మారితే, వాళ్లు దించిన జెండాను కిందవీధి వాళ్లు మర్నాడే ఎత్తేశారు. (రాజకీయ సిద్ధాంతాల మీద ఆ మధ్యనే నేను పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.) మిషన్ బడిలో టీచరైన మా నాన్న నన్ను ఒంటరిగా పంపడానికి ఒప్పుకోక, ప్రొద్దుటూరులో బట్టల కొట్టు గుమాస్తాగా ఉన్న మా చిన్నమామను తోడిచ్చాడు. మామకు ఒక మోపెడ్, చాలా భక్తి, అంతకు మించిన పిరికితనం ఉండేవి. ఊరి పొలిమేర కనబడగానే కీర్తన అందుకునేవాడు.

ఆ ఊరి పద్ధతి ప్రకారం ఎద్దులకు సూదులు వేసినా సరే, ఏ పనైనా వీధి పెద్ద ఇంట్లోనే మొదలు కావాలి. కాబట్టి నా మొదటి పట్టీ పైవీధి పెద్దాయన చేతికే చుట్టాను. భారీ మనిషి, మెత్తటి గొంతు. చుట్టూ ఆయన మనుషులు, గొట్టంలో ఎగబాకుతున్న పాదరసాన్ని తలలెత్తి చూస్తున్నారు. అది ఎంతకీ ఆగదే! నేను చదువుకున్నదాన్ని కదా, అందరికీ వినపడేలా స్పష్టంగా చెప్పాను, మీకు బీపీ బాగా ఎక్కువుంది, ఇది చాలా ప్రమాదం అని. పక్కన గొణుగుతున్న మామ కీర్తన ఆగిపోయింది. ఆఖరికి మూలనున్న ఒకతను అడిగాడు.

"బీపీ అంటే బయపడేటోళ్లకు వచ్చేది గదా. మా పెద్దాయనకు బయముందంటాండావా పాపా?"

ఆ ఊళ్లో బీపీకి ఉన్న అర్థం అదేనని నాకు అప్పుడు తెలిసింది. భయపడే పెద్ద వెనక ఎవరూ నిలబడరు. నిలబడే మనుషులు లేని పెద్ద ఎక్కువ రోజులు బతకడు. నేను ఒక్క అంకెతో ఆయన కుర్చీ కాలు విరగ్గొట్టాను. మిషను చెడిపోయిందేమో, నాకు చూడు అంటూ మామ చెయ్యి చాపాడు. పట్టీ చుట్టాను. అప్పుడు మామ ఉన్న స్థితికి పాదరసం గొట్టం పగలగొట్టుకుని బయటికి రాలేదంటే దేవుడి దయే.

"ఈ యప్పకు నాకన్నా ఎక్కువ చూపిస్తాంది," అన్నాడు పెద్దాయన తీరిగ్గా. "మిషనే బాగలేదులే పాపా. బాగుచేయించుకోని రా."

అందరూ నవ్వారు. బతికిపోయాం. కానీ కబురు కిందవీధికి చేరిపోయింది. మరుసటి వారం వాళ్లు మమ్మల్ని పెళ్లివారిలా పిలిచి కూర్చోబెట్టి, పైవీధాయనది ఎంతుందంట అని మెల్లగా అడిగారు. చెప్పకూడదన్నాను. సరే మాకు చూడమన్నారు. చూస్తే వాళ్లకూ అంతే. అక్కడా పెద్ద నుంచి పాలేరు దాకా పాదరసం ఎగబాకుతూనే ఉంది. ఇక ఆ రోజు నుంచి నా పరిశోధన పందెంగా మారింది. నేను వస్తున్నానంటే రెండు వీధుల మగవాళ్లూ మజ్జిగ తాగి, నీడన పడుకుని, ఊపిరి బిగబట్టి తయారుగా ఉండేవారు. ఎవరి వీధిలో అంకె తక్కువైతే వాళ్లది గెలుపు. ఉప్పు సంగతి అడిగితే మేం అసలు తినం అనేవారు. సాయంత్రం మోపెడ్ మీద తిరిగొస్తూ ఏడ్చిన రోజులున్నాయి.

అలాంటి ఒక రోజున పైవీధి పెద్దాయన భార్య, సంచినిండా చీనీకాయలతో (బత్తాయిలకు మా వైపు పేరు అదే), జమ్మలమడుగులో మా ఇంటి గుమ్మంలో నిలబడింది. చుట్టాల పెళ్లికని చెప్పి వచ్చిందట. మా అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, పెద్దమ్మా అని పలకరించిన నన్ను పక్కకు పిలిచింది.

"ఆ మిషను సరిగ్గానే చెప్పింది పాపా, నాకు తెల్సు. ఆయన తల పట్టుకోని కూచుంటాడు. ఒగోసారి మాట తడబడతాది. మా మామ పోయె, బావ పోయె, మరిది పోయె. ఒగరు గూడా ఇంట్లో పోలేదు. ఈయన్నన్నా నాకు మిగిలిచ్చు."

పెద్దాయన ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోవాలంటే రెండు జీపులు, ఇరవైమంది మనుషులు కావాలి. వచ్చింది దేనికో సాయంత్రంలోగా జిల్లా అంతా తెలుస్తుంది. చూడకుండా మందు ఇవ్వనని, మామకు తెలిసిన ఒక ముసలి డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. కాళ్లావేళ్లా పడితే చివరికి తానే వస్తానన్నాడు, మిషను రిపేరు చేసే మెకానిక్కుగా. చేతిలో స్క్రూడ్రైవరుతో, ఎక్కడిదో నూనె మరకల చొక్కాతో ఆ పెద్దమనిషి పైవీధి మిద్దె ఎక్కి, మిషను విప్పి, బిగించి, పనిచేస్తుందో లేదో చూడాలని పెద్దాయన గుండె, కళ్లు, కాళ్ల వాపులు అన్నీ పరీక్షించాడు. (ఇంత శ్రద్ధ గల మెకానిక్కును ఎన్నడూ చూడలేదని అక్కడివాళ్లు మెచ్చుకున్నారు.) ఊరి బయటికొచ్చాక మాత్రలు రాశాడు. మాత్ర మింగితే పరువు పోతుందని పెద్దాయన అడ్డం తిరిగాడు. ఆయన భార్యే ఉపాయం చెప్పింది, గ్యాస్ మాత్రలని చెబుదామని. గ్యాస్ మా ప్రాంతంలో మర్యాదస్తుల జబ్బు, ఎంత వీరుడికైనా రావచ్చు.

ఆ మాత్రలు ప్రొద్దుటూరులోనే దొరికేవి. బట్టలకనో బంగారానికనో వంక పెట్టుకుని ఆమే వెళ్లి తెచ్చుకునేది. ఒకసారి మందుల కొట్టులో ఖాళీ మాత్రల రేకు చూపించి అలాంటివే ఇమ్మంటుంటే, పక్కన ఇంకో చెయ్యి అదే రేకు పట్టుకుని ఉందట. తలెత్తి చూస్తే కిందవీధి పెద్ద భార్య. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుని ఎరగరు. అప్పుడూ మాట్లాడుకోలేదు. కిందవీధి ఆమె కొంచెం పక్కకు జరిగి, ముందు నువ్వు తీసుకో అన్నట్టు చోటిచ్చిందట. ఈ సంగతి నాకు చెబుతూ పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఎన్ని శాంతి కమిటీలు వేసినా కుదరని ఒప్పందం ఆ మందుల కొట్టులో కుదిరిందని నాకు పట్టరాని సంతోషం కలిగింది.

మాత్ర బాగా పనిచేసింది. అదే కొంప ముంచింది. తలనొప్పి తగ్గింది, నిద్ర పట్టింది, పెద్దాయన గొంతు ఇంకా మెత్తబడింది. ఎన్నికలు దగ్గర పడుతుండగా కిందవీధి వాళ్లు పైవీధి తోటలో చీనీ చెట్లు నరికారు. కాపుకొచ్చిన చెట్లు. పాత రోజులైతే ఆ సాయంత్రానికే కిందవీధిలో గడ్డివాములు తగలబడేవి. పెద్దాయన తోటంతా నడిచి చూసి, కోర్టులో కేసు వేద్దామన్నాడట. పెద్దాయన చల్లబడినాడు, ఇక మన పని అయిపోయిందని గుసగుసలు మొదలయ్యాయి. కొందరు కుర్రాళ్లు అప్పుడే వేరే నీడ వెతుక్కుంటున్నారు. నేను వెళ్లేసరికి ఆయన మిద్దె మీద ఒక్కడే ఉన్నాడు. మాత్రలు మానేశానన్నాడు. ఎందుకని అడిగితే కోప్పడలేదు, నాకు పాఠం చెబుతున్నట్టు చెప్పాడు.

"అది మింగితే నిద్రొస్తాంది పాపా. నిద్రపోతే తెల్లారేటప్పటికి పగ గుర్తుండడంల్యా. నేను మర్సిపోతే నన్ను నమ్ముకున్నోళ్లంతా ఏం గావాల?"

నా దగ్గర ఉన్న చదువంతా వెతికాను. ప్రాణం ముఖ్యం కదా అన్నాను. అది ఎంత పేలవంగా ఉందో నాకే వినిపించింది. ఆయన నాకు ఒక చీనీకాయ ఒలిచి ఇచ్చాడు.

మర్నాడే గ్రాఫు సార్ దగ్గరికి పరుగెత్తి, సార్, ఇది ఉప్పు కాదు, భయం అని చెప్పాను. ఆయన కాగితం తీసి రెండు గీతలు గీశారు. అడ్డగీత మీద భయం అని రాసి, దీన్ని దేనిలో కొలుస్తావమ్మా, కిలోలా, లీటర్లా అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆ తర్వాతెప్పుడో సిద్ధాంత వ్యాసం ఊరగాయ మీదే పూర్తయింది, డాక్టరేటూ వచ్చింది.

ఎన్నికలు ఇంకా జరగకముందే ఒక మధ్యాహ్నం పెద్దాయన అన్నం తిని మంచం మీద వాలి మళ్లీ లేవలేదు. తలలో నరం చిట్లిందన్నారు. నేనూ మామా వెళ్లేసరికి వాకిట్లో ఆయన మనుషులు తల వంచుకుని కూర్చుని ఉన్నారు. దుఃఖం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది వాళ్ల ముఖాల్లో. అంత మనిషి మంచం మీద పోవడమేమిటి? కిందవీధి వాళ్లు మందు పెట్టి చంపారని కేసు పెడదామని ఒకతను అంటున్నాడు. అలా అంటేనన్నా పరువు దక్కుతుందని ఇంకొకతను. ఆ మాటలు వింటుంటే నాకు కోపం కూడా రాలేదు. లోపల పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఈ ఇంట్లో మంచం మీద కన్నుమూసిన మొదటి మగవాడు ఈయనేనని, ముఖం చెక్కుచెదరకుండా ఉందని, తానే స్నానం చేయించానని చెప్పింది. కిందవీధి ఆమె చాకలామె చేత కబురు పంపిందట, నీకన్నా ఆ భాగ్యం దక్కింది అని.

ఒళ్లోని పెట్టెను సర్దుకుంటున్నాను. ఆమె దాని వైపు చూసి చెయ్యి చాపింది. ఇన్నాళ్లూ ఆ ఊళ్లో ఒక్క ఆడమనిషికీ నేను పట్టీ చుట్టలేదు; సార్ లెక్కలో ఇంటి యజమానులు మాత్రమే ఉన్నారు. చుట్టాను. పాదరసం కొంచెం ఎక్కి, నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా దిగింది. ఆ ఊళ్లో అలా దిగడం నేను చూడటం అదే మొదటిసారి. మామూలుగా ఉంది పెద్దమ్మా, ఏమీ లేదు అన్నాను.

"ఏముంటాది పాపా," అంది పట్టీ విప్పుకుంటూ. "ఇంగ నేను బయపడేదానికి ఎవురుండారు?"

మామ మోపెడ్ పొలిమేర దాటింది. ఆ రోజు కీర్తన పాడలేదు. వెనక కూర్చున్న ఆ ఇరవై నాలుగేళ్ల పిల్ల మాత్రం ఊరుకోలేదు. ఆడవాళ్లందరికీ బీపీ చూడాలి, రెండు వీధుల్లోనూ చూడాలి, దాని మీద ఇంకో పరిశోధన చేయాలి అని, జమ్మలమడుగు చేరేలోపల ఒక పేద్ద శీర్షిక కూడా కట్టుకుంది. ఇంటికెళ్లి తెల్లకాగితం తీసి, నిలువుగీత, అడ్డగీత గీసుకుంది. అడ్డగీత మీద ఏం రాయాలో తోచక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. అలా కూర్చున్న ఆ కాబోయే డాక్టరమ్మను తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, దగ్గరికెళ్లి తల నిమరాలనీ అనిపిస్తుంది.