వాంపైర్ పేరంటం

అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్ళో కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో పనిచేసే ఇంద్రజ, రోజూ తెల్లవారకముందే లేచి ఒక నవల రాసింది. విక్టోరియా రాణి కాలపు లండన్. ఎడిత్ అనే పడుచు వితంతువు. ఆమె కిటికీ బయటికి వచ్చి నిలబడే ఒక వాంపైర్, మనుషుల రక్తం తాగే పిశాచం. నోరారా పిలిస్తే తప్ప అతను లోపలికి రాలేడు. పిలవాలని ఎడిత్‌కి ప్రాణం కొట్టుకుంటుంది. కానీ భర్త పోయి నల్లబట్టలు తొడుక్కున్న ఆడదానికి కోరిక ఉంటుందంటే ఒప్పుకునే లోకమా అది?

తెలుగు సంఘం వాళ్ళు నవల చదివిస్తామని హాలు కూడా తీసుకున్నారు. తీరా కిటికీ ఘట్టం చదివాక కార్యదర్శి రాధారాణికి చెమటలు పట్టాయి.

"ఫ్యామిలీస్ వచ్చే చోటు ఇంద్రజా! ఆ సీన్ తీసెయ్. లేకపోతే ప్రోగ్రాం క్యాన్సిల్ చేయాల్సి వస్తుంది."

"తీయను," అంది ఇంద్రజ. అది తీసేస్తే ఇక మిగిలేది లండన్ పొగమంచే.

ఒళ్ళు మండితే ఊరుకునే రకం కాదామె. శనివారం కుంకుమ భరిణ పట్టుకుని కారెక్కింది. ఇంటింటికీ వెళ్ళి, గుమ్మంలోనే బొట్టు పెట్టి, "రేపు మా ఇంట్లో పేరంటం వదినా. నా నవల చదువుతాను, తప్పకుండా రావాలి," అని పిలిచింది. వాట్సాప్ పిలుపైతే ఒక బొటనవేలు బొమ్మ పడేసి ఊరుకోవచ్చు. బొట్టు పెట్టి పిలిచాక ఎగ్గొట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? రాధారాణి గుమ్మాన్ని కూడా ఇంద్రజ వదల్లేదు.

అందరూ వచ్చారు. రాధారాణి మొహం గంటు పెట్టుకునే వచ్చింది. ఇంద్రజ అత్తగారు కోటమ్మ మాత్రం హాల్లోకి రాలేదు. ఆవిడ కొడుకు దగ్గర కొన్నాళ్ళుందామని గుంటూరు నుంచి వచ్చింది. భర్త పోయినప్పటి నుంచీ పేరంటమంటే గదిలోకి వెళ్ళి తలుపేసుకోవడమే ఆవిడకు అలవాటు.

ఇంద్రజ చదువుతూ చదువుతూ కిటికీ ఘట్టానికి వచ్చింది. "మీరు పిలవనిదే రాలేను," అన్నాడు వాంపైర్. అక్కడ తలెత్తి చూస్తే గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులో కోటమ్మ చెవి ఒగ్గి నిలబడి ఉంది.

ఇంద్రజ చదవడం ఆపేసింది. ఊరందరినీ పిలిచింది, ఇంట్లో మనిషిని మరిచిపోయింది. మరిచిపోవడం కూడా కాదు, పిలవాలన్న ఆలోచనే రాలేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది. కాగితాలు పక్కన పెట్టి, భరిణ తీసుకుని లేచింది.

"ఇంద్రజా, ఆవిడకి..." రాధారాణి నీళ్ళు నమిలింది.

"ఆవిడకే," అంది ఇంద్రజ.

కోటమ్మ వెనక్కి తగ్గింది. "నాకెందుకే? అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి అత్తయ్యా. నేను పిలుస్తున్నాను. మీకు రావాలని ఉందా, లేదా?"

నీకేం కావాలని ఆవిడను ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళు లేరు. కోటమ్మ కోడలి వేలికున్న కుంకుమ వంక చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని నుదురు ముందుకు వంచింది.

వచ్చి రాధారాణి పక్కనే, సోఫా మధ్యలో కూర్చుంది.

"ఊఁ, చదువు," అంది. "ఇంతకీ ఆ పిల్ల అతన్ని పిలిచిందా, లేదా?"